నడక దూరమన్న హోటల్, నిజంగా నడిపించిన టీ.నగర్

చెన్నైలో గది వెతుక్కునేవాళ్ళకి ముందుగా ఒక మాట. ఫొటోల్లో పరుపు, ఏసీ, గీజరు చూసి మురిసిపోకండి. గేటు దాటాక పెద్దవాళ్ళు కాలు పెట్టే చోటుందా లేదా అన్నది ఏ యాప్‌లోనూ రాయరు. ఫోన్ చేసి అదే అడగండి. మేము ఓ.ఎం.ఆర్. మీద, అంటే ఐటీ కంపెనీలుండే పాత మహాబలిపురం రోడ్డు మీద, రోజుకి 2,350 రూపాయలు పోసి దిగిన హోటల్ వల్ల ఇదంతా రాయాల్సి వస్తోంది. పేరు రాయను. ఆ వరసలో అలాంటివి చాలా ఉన్నాయి, ఒకదాన్ని తిట్టి లాభం లేదు.

వెళ్ళింది నాన్న కళ్ళ పరీక్షకి, మా మరదలి పెళ్ళి చీరలకి. నాన్నకి డెబ్బై దాటాయి. షుగర్ ఎప్పటినుంచో ఉంది, ఎడమ మోకాలు కొంచెం మొరాయిస్తుంది. ఒంగోల్లో పొద్దున్నే అరగంట నడవందే కాఫీ ముట్టరు. ఊరు మారినా నడక ఆపొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పి పంపారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులన్నమాట. అందుకే "బీచ్ 1.5 కి.మీ., నడక దూరం" అన్న హోటల్‌ని ఏరి మరీ బుక్ చేశాం. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం హాయిగా సాగింది, ఆసుపత్రి పని కూడా చెప్పిన టైముకే అయిపోయింది.

మర్నాడు పొద్దున ఐదున్నరకి నాన్న, నేను బీచ్‌కని బయల్దేరాం. గేటు పక్కన ఫుట్‌పాత్ మీద నాలుగు పలకలు సరిగ్గా ఉన్నాయి. ఐదో పలక లేదు, కింద మురుక్కాలువ కనిపిస్తోంది. దాన్ని తప్పించుకుంటే ట్రాన్స్‌ఫార్మర్, దాని తర్వాత టీ కొట్టు బెంచీలు, ఆ తర్వాత ఏదో కంపెనీ కారు లోపలికెళ్ళే ర్యాంపు. ప్రతిసారీ రోడ్డు మీదికి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఎత్తు జానెడున్నర ఉంటుంది. ఒక చోట మెట్రో పనుల రేకులు అడ్డం. నేను మున్సిపాలిటీలో రోడ్ల పనులు చూసే ఉద్యోగిని, నా కళ్ళు ఊరికే ఉండవు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తెచ్చిన ఐ.ఆర్.సి. 103 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఏ అడ్డమూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రెండు వీల్‌చెయిర్లు పక్కపక్కన పోవాలని పెట్టిన కొలత అది. ఇక్కడ మా ఇద్దరికే పక్కపక్కన నడిచే దారి లేదు. పది నిమిషాలకే నాన్న మోకాలు పట్టుకుని "వెనక్కి పోదాం రా" అన్నారు.

రిసెప్షన్‌లో చిత్తూరు కుర్రాడు ఉన్నాడు. బీచ్‌కి దారేదని అడిగితే ఫోన్‌లో మ్యాప్ తీసి, "చూడండి సార్, ఇక్కడి నుంచి ఇక్కడికి ఒకటిన్నరే" అని వేలితో గీత గీశాడు. నిజమే. కానీ ఆ గీత మధ్యలో బకింగ్‌హాం కాలువ ఉంది. మన పెదగంజాం దగ్గర మొదలై నెల్లూరు మీదుగా, చెన్నై దాటి మరక్కాణం దాకా పోయే కాలువే ఇది. చుట్టూ తిరిగి వంతెన దాటి వెళ్తే ఆరు కిలోమీటర్లు పైమాటే. నాన్న మ్యాప్ చూసి, "మా తాతల రోజుల్లో ఈ కాలువ మీదే పడవల్లో మద్రాసు వచ్చేవాళ్ళు రా, ఇప్పుడు దాన్ని దాటడానికి మనకి ఆటో కావాలా" అన్నారు. కావాల్సే వచ్చింది. వెళ్ళడానికి 220, రావడానికి 210.

దీనికి మించింది మందుల షాపు. మా గది కిటికీలోంచి చూస్తే ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో ఆరు లేన్ల రోడ్డు, డివైడర్ మీద ఇనుప కంచె. ఫుట్ ఓవర్ బ్రిడ్జి చాలా ముందుకి ఉంది, దానికి లిఫ్ట్ పనిచెయ్యడం లేదు, నాన్న మెట్లెక్కలేరు. ఆయనకి షుగర్ పరీక్ష స్ట్రిప్పులు సొంతంగా చూసి కొనుక్కోవాలని పట్టుదల. చివరికి ఆటో ఎక్కి, యూటర్న్ తీసుకుని, ఎదురింటికి వెళ్ళినట్టు ఎదురు షాపుకి వెళ్ళాం. 60 రూపాయలు! ఆటో అతను కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం నాన్న హోటల్ మూడో అంతస్తు వరండాలో అటూ ఇటూ నడిచారు. రూం బాయ్‌లు "ఏమైనా కావాలా సార్" అని అడుగుతూనే ఉన్నారు. రాత్రి భోజనం దగ్గర ఒక్క మాట లేదు. మావాడు నాన్న జేబులో పెట్టి పంపిన ఫోన్ చూసి, "తాతయ్యా, మొత్తం 1,900 అడుగులే" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. మర్నాటి గది రద్దు చేయమని అడిగితే మేనేజర్ "నాన్ రిఫండబుల్ సార్" అన్నాడు. బీచ్ సంగతి ఎత్తితే, "గూగుల్ దూరమే పెట్టాం సార్, దారి మేము వెయ్యలేదు కదా" అన్నాడు. పాయింటే, ఒప్పుకోవాలి. "పోతే పోయాయి, మావయ్యగారి ముఖం చూడండి" అని మా ఆవిడ అనేసరికి 2,350 వదులుకుని టీ.నగర్ వచ్చేశాం.

టీ.నగర్‌లో వెంకటనారాయణ రోడ్డు పక్క సందులో, టీటీడీ గుడికి దగ్గర్లో లాడ్జి. 1,650 రూపాయలు. గది గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. కిటికీ తీస్తే పక్కింటి గోడ, వేడినీళ్ళు ఆరు నుంచి తొమ్మిది దాకానే, తువ్వాళ్ళు అరిగిపోయాయి. మావాడు రెండు గంటలు అలిగాడు. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాం. గేటు దాటి ఐదు నిమిషాలు నడిస్తే నటేశన్ పార్కు. పొద్దున్నే సగం మాంబళం అక్కడే తిరుగుతున్నట్టుంటుంది. పార్కు బయట ఒకాయన గరిక రసం, ముల్లంగి రసం, రాగి జావ అమ్ముతున్నాడు. గరిక రసం గ్లాసు 20. నాన్న ఒక గుక్క తాగి, "వినాయకుడికి పెట్టేది మనకి పోశాడు" అన్నారు గానీ గ్లాసు ఖాళీ చేశారు. తర్వాత రోజూ తాగారు.

ఈ పేట సుఖంగా ఉండడం వెనక పాత కథ ఉంది. 1920ల్లో లాంగ్ ట్యాంక్ చెరువుని పూడ్చి, నడి మధ్యలో పానగల్ పార్కు పెట్టి, చుట్టూ వీధులు గీశారు. టీ.నగర్ అంటే త్యాగరాయ నగర్, ఆ పేరు పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. పార్కు పేరు అప్పటి మద్రాసు ప్రధాని, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న పానగల్ రాజా రామరాయణింగారిది. ఇద్దరూ మన తెలుగువాళ్ళే. తర్వాత బట్టల షాపులు, నగల షాపులు వచ్చి నడిచేవాళ్ళని రోడ్డు మధ్యకి తోసేశాయి. మా చిన్నప్పుడు టీ.నగర్‌లోని పాండీ బజార్ అంటే చెయ్యి వదిలితే పిల్లలు తప్పిపోయే చోటు.

ఇప్పుడు అదే పాండీ బజార్‌లో నాన్న ఒక సాయంత్రం పానగల్ పార్కు నుంచి తణికాచలం రోడ్డు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళారు. చెన్నై కార్పొరేషన్ 2014లోనే నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ముందు చోటివ్వాలని ఒక విధానం చేసుకుంది. రవాణా నిధుల్లో కనీసం 60 శాతం వాటికే ఖర్చు పెట్టాలని అందులో రాసుకుంది. 2019 నవంబర్‌లో ఈ వీధి నడకదారి ప్లాజాగా తెరుచుకుంది. వాహనాలకి దారి తగ్గించి, ఆ చోటంతా రెండు పక్కలా ఫుట్‌పాత్‌కి కలిపారు. చెట్లు ఉంచారు. బైకులు ఎక్కకుండా గుంజలు పాతారు. కూర్చోడానికి అరుగులు కట్టారు. రోడ్డు సన్నబడితే కార్లు వాటంతట అవే నెమ్మదిస్తాయి, దాటేటప్పుడు గుండె దడ ఉండదు. ఎక్కడం దిగడం లేకుండా దారి ఒకే మట్టాన సాగితే మోకాలు గుర్తుకే రాదు. "ఇంకా ఎంత దూరం" అని నాన్న ఒక్కసారి కూడా అడగలేదు. అరుగు మీద కూర్చుని ఒక విశ్రాంత పోస్ట్‌మాస్టర్‌తో చక్రకేళీల ధర మీద అరగంట వాదించారు. ఆ రోజు లెక్క 9,400 అడుగులు. మేము నడకకని వెళ్ళలేదు, జాకెట్ ముక్కలకని వెళ్ళాం. వ్యాయామం అనుకోకుండానే అయిపోయే వీధి ఏ ఊళ్ళోనైనా ఇలాగే కుదురుతుంది. మా ఇంజనీర్లు వచ్చి ఒక పూట కూర్చోవాలి ఇక్కడ.

లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల గుంజలు విరిగాయి, ఆ సందుల్లోంచి బైకులు ఎక్కించి పార్క్ చేస్తున్నారు. టాయిలెట్ కోసం మా ఆవిడ చాలాసేపు వెతికింది. పక్క వీధిలోకి మళ్ళగానే మళ్ళీ పాత కథే. పానగల్ పార్కు చుట్టూ మెట్రో పనుల దుమ్ము. పట్టు చీరల బేరం వేరే గొడవ, అది మా ఆవిడే రాస్తుంది.

టీ.నగర్‌లో షాపులతో కిక్కిరిసే రంగనాథన్ వీధి జనాన్ని తప్పించుకోడానికి స్కైవాక్, అంటే రోడ్డుకి పైన కట్టిన నడకదారి, వాడండి. మాంబళం రైల్వే స్టేషన్ నుంచి టీ.నగర్ బస్టాండ్ దాకా 570 మీటర్లు. 2023లో తెరిచారు, లిఫ్ట్‌లూ ఎస్కలేటర్లూ ఉన్నాయి. సామాన్లుంటే మంచిదే. నాకు మాత్రం నచ్చలేదు. కింద దారి బాగుచేయకుండా మనిషిని ఆకాశంలోకి ఎక్కించడం వాహనాలకి మర్యాద చేయడమే.

బస్సుల సంగతి ఆడవాళ్ళకి చెప్పాలి. ముందు భాగం గులాబీ రంగు వేసిన సాధారణ సిటీ బస్సుల్లో 2021 నుంచి మహిళలకి చార్జీ లేదు. మేము ఒంగోలు వాళ్ళమని ఎవరూ అడగలేదు. మా ఆవిడ ఈ సంతోషంలో అవసరం లేకపోయినా రెండు స్టాపులకి బస్సెక్కింది.

మెరీనాకి వెళ్తే వివేకానంద ఇల్లం ఎదురుగా దిగండి. ఇసుకలో మోకాళ్ళు దిగబడకుండా అలల దగ్గరిదాకా చెక్కబాట వేశారు. 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. 2022 నవంబర్‌లో వీల్‌చెయిర్ల కోసమని తెరిచారు, తెరిచిన కొద్ది రోజులకే మాండూస్ తుపానుకి దెబ్బతింటే మళ్ళీ బాగుచేశారు. ఓ.ఎం.ఆర్.లో "నడక దూరం"లో ఉండీ నాన్నకి దొరకని సముద్రం ఇక్కడ దొరికింది. సాయంత్రం ఐదు తర్వాత రండి, అంతకుముందు చెక్క కాలుతుంది.

ఇక సైకిళ్ళు. మావాడి గోల పడలేక బెసంట్ నగర్‌లో ఒక షాపులో అద్దెకి తీసుకున్నాం. గంటకి 100, డిపాజిట్ 1,000, ఆధార్ జిరాక్సు. ఇలియట్స్ బీచ్ పక్క రోడ్డు పొద్దున ఆరింటికి ఖాళీగా, చల్లగా ఉంటుంది. వాడు అష్టలక్ష్మి గుడి వైపు పోయి, వెనక్కొచ్చి, తువ్వాళ్ళ అలక మర్చిపోయాడు. మేము తిరిగిన చోట సైకిళ్ళకి విడిగా దారి కనిపించలేదు. ఏడున్నర దాటితే స్కూలు బస్సులు, నీళ్ళ ట్యాంకర్లు వచ్చేస్తాయి, అప్పుడు పిల్లల్ని పంపకండి. తిరిగి ఇచ్చేటప్పుడు బెల్లు పోయిందని డిపాజిట్‌లో 50 కోశారు. దానికి బెల్లు అసలు లేదు. తీసుకునేటప్పుడే హ్యాండిల్ ఫొటో తీసి పెట్టుకోండి.