రోమ్ సెనేట్‌లో కుర్చీ కోసం: రెండు బోర్డ్ గేమ్‌లు

పదవుల కోసం పాకులాట ఎలా ఉంటుందో చూపే గేమ్‌లు ఇవి రెండూ. ‘ది రిపబ్లిక్ ఆఫ్ రోమ్’ను అవలాన్ హిల్ అనే గేమ్‌ల కంపెనీ 1990లో తెచ్చింది. రైనర్ క్నీజియా రూపొందించిన ‘కో వాదిస్?’ 1992లో వచ్చింది.

క్నీజియాది తేలిక. ముప్పావు గంటలో ముగుస్తుంది. బోర్డు మీది ఒక్కో మెట్టు ఒక్కో కమిటీ; ఆ కమిటీలో మెజారిటీ ఉంటేనే మీ మనిషి పైమెట్టు ఎక్కుతాడు. లేదంటే పక్కవాళ్ల ఓటు అడుక్కోవాలి. ఓటేసినవాళ్లకూ పాయింట్లు దక్కుతాయి కాబట్టి బేరాలు ఆగవు. ఎన్ని పాయింట్లు పోగేసినా, చివరి మెట్టయిన లోపలి సెనేట్‌లో కనీసం ఒక్క మనిషైనా లేకపోతే గెలుపు లేదు.

‘రిపబ్లిక్’ అలా కాదు, ఒక పూట పూర్తిగా తినేస్తుంది. నిబంధనల పుస్తకం చదవడమే ఒక పని. రోమ్‌ను నడిపే కాన్సుల్ పదవికి ఓట్లు, సెన్సార్ అనే అధికారి సెనేటర్ల మీద పెట్టే కేసులు, కిరాయి హత్యలు, మధ్యలో శత్రు రాజ్యం కార్తేజ్‌తో యుద్ధం. అసలు మెలిక ఏమిటంటే, ఖజానా ఖాళీ అయినా, యుద్ధాలు ఒకేసారి మీద పడినా రోమ్ కూలిపోతుంది, అందరూ ఓడిపోతారు. అందుకే ప్రత్యర్థినే సేనాపతిగా పంపక తప్పదు. వాడు గెలిచొస్తే పలుకుబడి పెరుగుతుంది, తిరుగుబాటూ చేయొచ్చు! ఈ ఇరకాటం క్నీజియా గేమ్‌లో దొరకదు.

కొత్తవాళ్లతో ఆడాలంటే ‘కో వాదిస్?’ చాలు. ఓపికున్న అయిదారుగురు, ఖాళీ ఆదివారం దొరికితే మాత్రం నా ఓటు ‘రిపబ్లిక్’కే.