ఒంట్లో కొవ్వు శాతం ఇంట్లో కొలవడానికి ఏది మేలు: స్మార్ట్ స్కేలా, కాలిపరా, టేపా?

బరువు తగ్గే ప్రయత్నం మొదలుపెట్టిన మిత్రుల్లో నెలకు ఒక్కరైనా నన్ను ఇదే అడుగుతున్నారు: కొవ్వు శాతం చూపించే స్మార్ట్ స్కేలు కొనాలా, చర్మపు మడతలు కొలిచే కాలిపర్ తెప్పించుకోవాలా, లేక దర్జీ టేపు సరిపోతుందా? ఈ మధ్య రెండు నెలల పాటు మూడింటినీ పక్కపక్కనే వాడి చూశాను. ఇంట్లో చేసే ఏ పద్ధతీ కొవ్వును నేరుగా కొలవదు. ఇంకేదో కొలిచి, దాన్ని ఒక సమీకరణంలో వేసి, కొవ్వు ఇంత ఉండవచ్చని అంచనా కడుతుంది. కాబట్టి ఏ పరికరం నిజానికి దేన్ని కొలుస్తోందో తెలిస్తే, దాని అంకెను ఎంతవరకు నమ్మాలో తేలిపోతుంది.

స్మార్ట్ స్కేలు కొలిచేది విద్యుత్తుకు శరీరంలో ఎదురయ్యే అడ్డంకిని. ఒక పాదం నుంచి చాలా బలహీనమైన కరెంటును పంపి రెండో పాదం దగ్గర అందుకుంటుంది. నీరు ఎక్కువగా ఉండే కండరంలో అది తేలికగా పోతుంది, కొవ్వులో పోదు. అయితే ఆ కరెంటు ఒక కాలిలో ఎక్కి రెండో కాలిలో దిగిపోతుంది గనుక, బొజ్జలో ఎంత కొవ్వు ఉందో దానికి దాదాపుగా తెలియదు. మనం ఇచ్చిన ఎత్తు, వయసు, బరువుల ఆధారంగా పై భాగాన్ని ఊహిస్తుంది. ఒక ఉదయం లేవగానే ఎక్కితే నాకు 24.6 చూపించింది. లీటరు నీళ్లు తాగి పది నిమిషాలు ఆగి ఎక్కితే 25.3 చూపించింది. నీళ్లు ఇంకా కడుపులోనే ఉన్నాయి, కాళ్లలోని అడ్డంకి మారలేదు, బరువు మాత్రం పెరిగింది; ఆ పెరిగిన బరువులో ఎక్కువ భాగాన్ని యంత్రం కొవ్వు కింద జమ కట్టింది. మరో రోజు స్నానం చేసి తడి పాదాలతో ఎక్కితే అంకె 23 కంటే కిందికి దిగింది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం దీన్ని అసలు వాడకూడదు.

కాలిపర్ సంగతి వేరు. జాక్సన్, పొలాక్ అనే పరిశోధకులు 1978లో పురుషుల కోసం ఇచ్చిన సమీకరణాలకు ఛాతీ, పొట్ట, తొడ దగ్గర మూడు మడతలు చాలు. అనుభవం ఉన్న చేతిలో దీని పొరపాటు మూడు నాలుగు శాతానికి మించదు. మన చేతికి ఆ అనుభవం ఉండదు: వేలు ఒక సెంటీమీటరు పక్కకు జరిగినా, కండను కూడా కలిపి పట్టుకున్నా మిల్లీమీటర్లు మారిపోతాయి. పైగా అది చూసేది చర్మం కింది కొవ్వునే. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకునే కొవ్వు వేళ్లకు చిక్కదు. సన్నగా ఉండి, కసరత్తు చేస్తూ, రోజూ ఒకే మనిషి చేత కొలిపించుకోగల క్రీడాకారులకు మాత్రం కాలిపర్‌నే సూచిస్తాను.

నా దృష్టిలో తీర్పు చెప్పే అంశం ఒక్కటే: మనవాళ్లకు కొవ్వు ఎక్కడ చేరుతోంది? పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే వేసి చూపించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగినట్టు బరువు ఉందో లేదో చెప్పే అంకె) 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, చొక్కా గుండీల దగ్గర మాత్రం పొట్ట ముందుకు వచ్చే మనుషులు మన ప్రతి ఇంట్లోనూ కనిపిస్తారు, చక్కెర జబ్బు కూడా వారిని తొందరగా పట్టుకుంటుంది. అలాంటి శరీరాన్ని కాళ్ల గుండా చూసే యంత్రం కంటే, నడుము చుట్టూ తిరిగే టేపు బాగా పట్టుకుంటుందని నా గట్టి నమ్మకం.

టేపు పద్ధతిని 1984లో హాడ్జ్‌డన్, బెకెట్ అనే పరిశోధకులు అమెరికా నౌకాదళం కోసం రూపొందించారు. పురుషులకు ఎత్తు, మెడ, బొడ్డు దగ్గర నడుము కొలతలు కావాలి. స్త్రీలకు తుంటి కొలత కూడా కావాలి. 170 సెంటీమీటర్ల ఎత్తు, 38 మెడ, 92 నడుము ఉన్న పురుషుడికి ఆ లెక్క 22.9 శాతం చెబుతుంది. నడుము 93 అయితే 23.6 చెబుతుంది. అంటే టేపు ఒక్క సెంటీమీటరు వదులైతే ముప్పావు శాతం దాకా తేడా వస్తుంది. సమీకరణం అమెరికా నావికుల శరీరాల మీద కట్టింది కాబట్టి ఆ 22.9 కూడా మనకు మూడు నాలుగు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. స్త్రీలకు మూడు చుట్టుకొలతల పొరపాట్లూ కలుస్తాయి గనుక, వారు శాతం లెక్కను పక్కన పెట్టి నడుము కొలతనే గమనించడం మంచిదని నా అభిప్రాయం. భారతీయులకు పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతున్నారు.

కొలిచే తీరు మారకూడదు. ఉదయం మూత్రవిసర్జన తరువాత, ఏమీ తినకముందు, మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా, టేపు నేలకు సమాంతరంగా ఉండేలా, చర్మాన్ని నొక్కకుండా చుట్టాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోవాలి. పాత గుడ్డ టేపులు సాగిపోతాయి. ఒకసారి స్టీలు స్కేలుతో సరిచూసుకుంటే తెలుస్తుంది.

బీఎంఐ నుంచి శాతం లెక్కగట్టే సూత్రాలూ, ఫోన్‌లో ఫొటో తీసి చెప్పే యాప్‌లూ ఇక్కడ చర్చించదగినంతగా నన్ను ఒప్పించలేదు. అసలు శాతమే తెలియాలనుకునేవారు ఒకసారి డెక్సా స్కాన్ (తక్కువ మోతాదు ఎక్స్‌రేలతో ఒంట్లో కొవ్వును అంచనా కట్టే పరీక్ష) చేయించుకుని, అదే రోజు ఉదయం టేపు కొలతలు కూడా రాసిపెట్టుకోవాలి. ఆ రెండింటి మధ్య తేడా ఎంతో తెలిశాక, ఆ తరువాత వచ్చే టేపు లెక్కలను ఆ మేరకు సవరించి చదువుకోవచ్చు. మా ఇంట్లో స్మార్ట్ స్కేలు ఇప్పటికీ ఉంది, దాన్ని బరువు కోసమే ఎక్కుతున్నాను. రెండు వారాలకు ఒక ఆదివారం ఉదయం టేపు తీసి, నడుము, మెడ అంకెలను వంటింటి క్యాలెండరు మీద రాస్తున్నాను.