ఎనిమిది ఆదివారాలు, ఇంగ్లీషు విశేషణాలు: ఒక కోర్సుపై సమీక్ష

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో నడిచే ఒక చిన్న శిక్షణ కేంద్రంలో ఎనిమిది ఆదివారాలు కూర్చుని ఇంగ్లీషు విశేషణాలు మాత్రమే నేర్చుకున్నాను. లోపాలు కూడా రాయబోతున్నాను కనుక ఆ కేంద్రం పేరు చెప్పడం లేదు. ఫీజు 3,500 రూపాయలు, తరగతి రెండు గంటలు. ముప్పై మందిమి ఉండేవాళ్లం. అందులో సగానికి పైగా నాలాగే తెలుగు మీడియంలో చదివి, ఉద్యోగంలో చేరాక రోజూ ఈమెయిళ్లు రాయవలసి వచ్చినవాళ్లమే. కేవలం విశేషణాలకు ఒక కోర్సు ఎందుకని మొదట నేనూ సందేహించాను.

మొదటి మూడు వారాలు పోలిక మీదే గడిచాయి. కట్టిన ఫీజులో అధిక భాగం ఆ మూడు వారాలకే చెల్లిపోయిందని నా లెక్క. మాస్టారు బోర్డు మీద ముందుగా ఒక తెలుగు వాక్యం రాశారు: “రవి గోపి కంటే పొడుగు.” ఇక్కడ పోలిక భారమంతా “కంటే” మోస్తుంది, “పొడుగు” అనే మాటలో ఏ మార్పూ రాదు. ఇంగ్లీషులో “దాన్” ఒక్కటే ఉంటే చాలదు, “టాల్” కూడా “టాలర్” కావాలి. మనలో కొందరు “టాల్ దాన్” దగ్గరే ఆగిపోవడానికీ, ఎవరైనా దిద్దితే భయపడి “మోర్ టాలర్” అని రెండు గుర్తులూ ఒకేసారి తగిలించడానికీ మూలం ఇదేనని ఆయన చూపించిన తీరు నాకు బాగా నచ్చింది. ఒకే సిలబుల్ (ఒక్క ఊపులో పలికే భాగం) ఉన్న మాటకు చివర “ఎర్”, “ఎస్ట్” చేరతాయని, “హ్యాపీ”, “ఈజీ” లాంటి మాటలూ అదే దారిలో నడుస్తాయని, “బ్యూటిఫుల్” వంటి పొడవైన మాటలకు ముందు “మోర్”, “మోస్ట్” పెట్టాలని, “నారో”, “క్లెవర్”, “సింపుల్” వంటివి రెండు విధాలా చెల్లుతాయని వివరించి, ప్రతి నియమానికీ మా చేత ఇరవై వాక్యాలు పలికించారు. “సీనియర్”, “జూనియర్”, “సుపీరియర్”, “ఇన్‌ఫీరియర్” అనేవి లాటిన్‌లోనే పోలిక రూపాలు కాబట్టి వాటి తర్వాత “దాన్” కాక “టు” వస్తుందని చెప్పిన రోజున, పదిహేనేళ్లుగా ఆఫీసులో “సీనియర్ దాన్ మీ” అంటూ తిరిగిన నేను కాస్త తల దించుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో ఏకీభవించలేకపోయాను. “వన్ ఆఫ్ ది బెస్ట్ స్టూడెంట్” అని ఏకవచనంలో అనడం కూడా తెలుగు ప్రభావమేనని ఆయన అన్నారు. కానీ తెలుగులో మనం “గొప్ప కవుల్లో ఒకరు” అనే అంటాం, “గొప్ప కవిలో ఒకరు” అని ఎవరూ అనరు. ఇక్కడ తెలుగును నమ్ముకుని ఉంటే “స్టూడెంట్స్” అని సరిగ్గానే పలికేవాళ్లం. ఈ తప్పుకు కారణం పదో తరగతి పరీక్ష కోసం “డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్” మార్పిడులను, అంటే ఒకే వాక్యాన్ని వేరే పోలిక రూపంలోకి మార్చి రాయడాన్ని, అర్థంతో పని లేకుండా బట్టీ పట్టడమేనని నా అనుమానం. “నో అదర్”తో మొదలయ్యే వాక్యాన్నీ, “వెరీ ఫ్యూ”తో మొదలయ్యే వాక్యాన్నీ కళ్లు మూసుకుని మార్చేసిన మాకు, మొదటిది ఒక్కరినే శిఖరం మీద నిలబెడుతుందనీ, రెండోది కొందరిని పక్కన చేర్చుతుందనీ అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

నాలుగో వారం నుంచి తీవ్రమైన విశేషణాలు వచ్చాయి. “టయర్డ్” కంటే “ఎగ్జాస్టెడ్”, “కోల్డ్” కంటే “ఫ్రీజింగ్”, “యాంగ్రీ” కంటే “ఫ్యూరియస్” బలమైనవని అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే వాటి ముందు “వెరీ” పొసగదని, “అబ్సల్యూట్లీ” సరిపోతుందని, “రియల్లీ” అయితే రెండు రకాలకూ కుదురుతుందని. కారణం అడిగితే “అప్పటికే తీవ్రత అందులో ఉంది” అని ఆయన ఊరుకున్నారు. అప్పుడు మా బ్యాచ్‌లోని ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు లేచి, “పట్టపగలు, మిట్టమధ్యాహ్నం, చిట్టచివర అంటాం కదండీ, చాలా పట్టపగలు అంటామా?” అన్నారు. పగలు, పగలు కలిసి పట్టపగలు అయ్యే ద్విరుక్త టకార సంధిని పరీక్షలో మార్కుల కోసం తప్ప ఎన్నడూ తలచుకోని నాకు, ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక మూల ఆ ఒక్క ప్రశ్నతో వెలుగు పడినట్టయింది. ఈ ఉదాహరణను కోర్సు పాఠంలోనే చేర్చవచ్చు.

కోర్సు బోల్తా పడింది పర్యాయపదాల దగ్గర. ఆరో వారం చేతికిచ్చిన నాలుగు పేజీల జిరాక్సులో ఒక మాటకు ఎదురుగా పది మాటలు వరసగా ఉన్నాయి తప్ప, ఏది ఎక్కడ వాడాలో ఒక్క వాక్యమైనా లేదు. “థిన్”కు ఎదురుగా “స్లిమ్”, “స్కిన్నీ” పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది మెప్పు, రెండోది తరచుగా దెప్పు. “ఫేమస్”కు ఎదురుగా ఏకంగా “నోటోరియస్” (చెడుకు పేరుపడ్డ) ఉంది. దాని ఫలితంగా మా బ్యాచ్‌లో ఒకాయన తమ ఊరి మంచి డాక్టరును నోటోరియస్ అని పొగిడి, అందరూ నవ్వాక కూడా ఎందుకు నవ్వారో తెలియక నిలబడ్డారు. తప్పు ఆయనది కాదు, ఆ కాగితానిది. తెలుగులో “పేరుమోసిన” అనే మాటను దొంగకు వాడినంత తేలిగ్గా గురువుకు వాడం. ఆ తేడా తెలిసిన మాస్టారే ఇలాంటి జాబితా పంచడం నాకు మింగుడు పడలేదు.

విసుగు చెందినవాళ్లకు వాడే “బోర్డ్”కూ, విసుగు పుట్టించేదానికి వాడే “బోరింగ్”కూ తేడాను ఒక్క గంటలో చక్కగా ముగించారు. అనేక విశేషణాలు వరసగా వచ్చినప్పుడు పాటించే క్రమం మాత్రం చివరి వారం హడావుడిలో కొట్టుకుపోయింది.

పోలిక రూపాల్లో తడబడేవాళ్లు నిస్సంకోచంగా చేరవచ్చు. మాటల సంపద పెంచుకోవాలని వచ్చేవాళ్లు ఆ జిరాక్సును పక్కన పెట్టి, ప్రతి మాటకూ ఉదాహరణ వాక్యాలిచ్చే లెర్నర్స్ డిక్షనరీ ఒకటి వెంట తెచ్చుకోవడం మేలు. ఆ కాగితం సంగతి ఆఖరి రోజు నేను మాస్టారితో చెప్పాను. ఆయన “ఫేమస్” వరసలో “నోటోరియస్”ను పెన్నుతో కొట్టేశారు, అదీ నా ప్రతిలో.