సైనిక కూటమిలో చేరితే మేలా, బయట ఉంటేనే మేలా? తుంగభద్ర ఒడ్డున వేసుకున్న లెక్క

అలంపురంలో నది మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా కనిపించేది కర్నూలు జిల్లా. తుంగభద్ర ఇక్కడ హద్దు కావడానికి కారణం ఒక సైనిక ఒప్పందమే అంటే మా మేనల్లుడు నమ్మలేదు. వాడు ఆర్మీలో ఉన్నాడు, దసరాకు లీవు మీద వచ్చాడు.

"మామా, నాటోల ఒకల మీద చెయ్యేస్తే అందరి మీద ఏసినట్టే అంటరు గద. మనం గూడ అట్లాంటి దాంట్ల చేరితే చైనాతోని ఈ టెన్షన్ తప్పుతది గద?" అని అడిగాడు.

2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు నేలకొరిగిన రోజు నుంచి ఈ ప్రశ్న నా మనసులోనూ మెదులుతోంది. అందుకే వాడికి నిజాం కథతో మొదలుపెట్టి చెప్పాను.

1795లో ఖర్డా దగ్గర మరాఠాలు నిజాం అలీ ఖాన్ మీదికి వచ్చారు. ఆంగ్లేయులు స్నేహితులే, కానీ సాయానికి రాలేదు. నిజాం ఓడిపోయాడు. ఆ దెబ్బకు ఈసారి గట్టి పూచీ కావాలనుకుని 1798లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆరు బెటాలియన్లు వచ్చాయి. వాటి ఖర్చు ఏటా 24 లక్షల రూపాయలకు పైనే. ఫ్రెంచివాళ్లు తర్ఫీదు ఇచ్చిన సొంత దళాలను మాత్రం రద్దు చేసుకోవాల్సి వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1800లో, ఆ ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి పోయాయి. అవే దత్తమండలాలు. తుంగభద్రకు దక్షిణం వాళ్లది, ఉత్తరం నిజాంది అని గీత గీశారు. మేం కూర్చున్న మెట్ల ముందు పారుతున్నది ఆ గీతే. ఆ ఒప్పందం తర్వాత మరాఠాల భయం తగ్గిన మాట నిజం. కానీ తన కత్తిని తానే పక్కన పెట్టి, ఎదుటివాడి కత్తికి అద్దె కట్టాడు. నాకు తప్పుగా కనిపించేది అక్కడే.

అమెరికా, కెనడా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోను దీనితో కలపకూడదు. 1949లో 12 దేశాలతో మొదలై ఇప్పుడు 32 అయ్యాయి. ఒక్క ఐస్‌లాండ్ తప్ప ఎవరి సైన్యం వారికే ఉంది. ఒప్పందంలో అందరూ ఒకరి మీద దాడి అందరి మీద దాడే అనే ఐదో అధికరణ గురించి మాట్లాడతారు గానీ, నాకు మూడోది ముఖ్యం అనిపిస్తుంది. ప్రతి దేశం తన రక్షణ శక్తిని తాను పెంచుకోవాలని అందులో రాశారు. ఐదోదాన్ని ఇంతవరకు వాడింది ఒక్కసారే, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత. అందులోనూ ప్రతి సభ్యదేశం తనకు అవసరమనిపించిన చర్య తీసుకుంటుందని ఉంది తప్ప, వెంటనే యుద్ధానికి దిగాలని లేదు.

"అంటే సంతకం పెట్టినోడు రాత్రి రెండింటికి లేస్తడన్న గ్యారంటీ లేదన్నట్టు" అన్నాడు వాడు.

లేదు. కానీ లేచే అలవాటు చేయించే ఏర్పాటు ఉంది, అదే నాటో అసలు బలం. 2017 నుంచి బాల్టిక్ దేశాల్లో, పోలండ్‌లో పలు దేశాల దళాలు కలిసి కాపలా ఉంటున్నాయి. దీని విలువ మావాడికే బాగా తెలుసు. విదేశీ సైనికులతో చేసిన ఒక ఉమ్మడి విన్యాసం గురించి చెప్పాడు. మొదటి రోజు వాళ్ల తూటా మనవాళ్ల తుపాకీలో పట్టదు, మన రేడియో సెట్టు వాళ్ల సెట్టుతో మాట్లాడదు. మధ్యలో ఒకడు కాగితం మీద బొమ్మ గీసి చూపించాల్సి వచ్చిందట. పది రోజులు పోయాక సైగలతోనే పని నడిచింది. మా వైపు నాట్లకు బదులు పోయే ఇళ్లు కూడా అంతే. పక్కపక్కన వంగి నాటిన వాళ్లకే ఒకరి చేతి వేగం ఇంకొకరికి తెలుస్తుంది.

కూటమిలో ఇబ్బందులూ తక్కువేం కాదు. స్వీడన్ 2022 మేలో దరఖాస్తు పెట్టుకుంటే తుర్కియే, హంగరీ అడ్డుపడటంతో 2024 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. యుక్రెయిన్‌కు ఏడాదిలో 10 లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని 2023లో యూరోపియన్ యూనియన్ మాట ఇచ్చింది. గడువుకు అందింది దాదాపు సగమే. ఆ యూనియన్‌లో ఎక్కువ దేశాలు నాటోలోనూ ఉన్నవే. ఇక ముప్పు కూడా మారిపోయింది. 2025 సెప్టెంబర్‌లో పోలండ్‌లోకి రష్యా డ్రోన్లు వస్తే, చవక డ్రోన్లను కూల్చడానికి ఖరీదైన యుద్ధవిమానాలు ఎగరాల్సి వచ్చింది. సముద్రం అడుగున కేబుల్ తెగితే అది దాడా, ప్రమాదమా? 32 దేశాలూ ఒక మాట మీదికి వచ్చేలోపు అవతలివాడి పని అయిపోతుంది.

మరి బయట ఉంటే? 1971 చూడండి. పాకిస్తాన్ అప్పటికి అమెరికా అండతో ఏర్పడిన సీటో, సెంటో సైనిక కూటములు రెండింటిలోనూ సభ్యదేశమే. ఆ కూటముల నుంచి ఒక్క సైన్యమూ దాని తరఫున యుద్ధానికి దిగలేదు. మనం ఏ కూటమిలోనూ లేము. కానీ ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో స్నేహ ఒప్పందం చేసుకున్నాం. దాడి జరిగితే వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలని అందులో ఉంది తప్ప, యుద్ధానికి దిగాలని లేదు. డిసెంబర్‌లో భద్రతామండలిలో సోవియట్ వీటో మనకు అండగా నిలిచింది. యుద్ధం మాత్రం మన సైన్యమే చేసింది.

అలాగని బయట ఉండటం ఊరికే రాదు. 1962లో చైనా దూసుకొస్తుంటే నెహ్రూ కెనడీకి ఉత్తరాలు రాసి సాయం అడగాల్సి వచ్చింది. సిద్ధంగా లేని స్వతంత్రం అలా అయిపోయింది. 2018లో రష్యాతో ఎస్-400 గగనతల రక్షణ క్షిపణుల కోసం ఒప్పందం చేసుకున్నాం. యుక్రెయిన్ యుద్ధం వచ్చి చివరి యూనిట్లు ఆలస్యమయ్యాయి. కూటమిలో లేకపోయినా ఇంకొకరి ఫ్యాక్టరీ మీద ఆధారపడితే ఆ మేరకు కట్టుబడినట్టే.

ఏది మేలంటే నా జవాబు అన్ని దేశాలకూ ఒకటి కాదు. ఎస్టోనియా జనాభా 14 లక్షల లోపే. మన పాత నల్గొండ జిల్లా జనాభాలో సగం కూడా లేదు. పక్కనే రష్యా. ఆ దేశానికి కూటమి తప్ప దారి లేదు, నేనే అక్కడివాణ్నయితే చేరమనే అంటాను. మనకు మాత్రం బయట ఉండటమే మేలు. హిమాలయాల గొడవ కోసం ఇంకో ఖండం సైన్యం వస్తుందని నేను నమ్మను. వాళ్ల గొడవలకు మా మేనల్లుడిని పంపడమూ నాకు ఇష్టం లేదు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో చేసే మలబార్ నౌకాదళ విన్యాసాలు, ఒకరి రేవుల్లో ఒకరు ఇంధనం నింపుకునే ఒప్పందాలు కొనసాగించాలి, ఇంకా పెంచాలి. వాటికంటే ముందు గుండ్లు, డ్రోన్లు, రేడియోలు మన దగ్గరే తయారు కావాలి.

మావాడు ఇవన్నీ విని కాసేపు నది వైపు చూశాడు. "గవర్నమెంట్ ఏ కాగితం మీద సంతకం చేసినా సరే మామా, పైకి పోయినప్పుడు చలికోటు, రేడియో బ్యాటరీ టైముకు వస్తే సాలు" అన్నాడు. పోయిన చలికాలం వాడి పోస్టులో బ్యాటరీలు రెండు వారాలు ఆలస్యంగా వచ్చాయట.