మూడు ఆషాఢాలు మైసెల్లార్ వాటర్ వాడాక

పంజాగుట్టలో ఒక చీరల షోరూంలో పని చేస్తాను. పొద్దున పదింటికల్లా ఫౌండేషన్, కాంపాక్ట్, లిప్‌స్టిక్ వేసుకుని కౌంటర్ దగ్గర ఉండాలి. మళ్ళీ ముఖం కడుక్కునేది రాత్రి మియాపూర్‌లో మెట్రో దిగి ఇల్లు చేరాకే. ఆషాఢం సేల్ వస్తే వారం సెలవు కూడా ఉండదు.

2022 ఆషాఢంలో బుగ్గల మీద, దవడ పక్కన సన్న పొక్కులు మొదలయ్యాయి. చీము పట్టే మొటిమలు కావు, తడిమితే రవ్వలా గరుగ్గా తగిలేవి. అవి కనిపించకూడదని కన్సీలర్ ఇంకాస్త మందంగా వేసేదాన్ని. అమ్మ వేడి చేసిందని రోజూ మజ్జిగ ఇచ్చింది, సున్నిపిండితో రుద్దుకోమంది. మజ్జిగతో నష్టమేం లేదు కానీ, రుద్దిన చోటల్లా ఎర్రబడి మంట పుట్టింది. దయచేసి పొక్కుల మీద ఏదీ రుద్దకండి.

చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఇది మేకప్ వల్ల వచ్చేదేనమ్మా, యాక్నే కాస్మెటికా అంటారు అన్నారు. క్లిగ్‌మన్, మిల్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1972లోనే ఆ పేరుతో దీని గురించి రాశారని తర్వాత తెలిసింది. అన్నేళ్ళుగా తెలిసిన సంగతి మా షోరూంలో ఒక్కరికీ తెలియదు. అందరం ఇంకో క్రీమ్ కొనుక్కోవడమే.

అప్పటి నుంచి మేకప్ తీయడానికి మైసెల్లార్ వాటర్ వాడుతున్నాను. బ్రాండ్ పేరు రాయడం లేదు. మూడేళ్ళలో నాలుగు కంపెనీలవి మార్చాను, వాసన లేనివైతే చాలు, పనిలో పెద్ద తేడా కనిపించలేదు. చూడటానికి నీళ్ళలాగే ఉంటుంది. అందులో సబ్బు గుణం ఉన్న సన్నటి కణాలు గుంపులుగా ఉండి, నూనెనూ మేకప్‌నూ తమలోకి లాక్కుంటాయి. దూదిని బాగా తడిపి చర్మం మీద పది పదిహేను సెకన్లు ఆనించి, ఆ తర్వాత మెల్లగా తుడవాలి. దూది తెల్లగా వచ్చేదాకా నాకు మూడు పడతాయి.

మొదట్లో నేను చేసిన పొరపాటు ఒకటుంది. సీసా మీద కడగక్కర్లేదని ఉంటే నమ్మి, తుడుచుకుని అలాగే పడుకునేదాన్ని. రెండు నెలలైనా పొక్కులు తగ్గలేదు, పైగా చర్మం బిగుసుకుపోయేది. కరిగిన మేకప్‌లో కొంత, ఆ సబ్బు కణాల్లో కొంత ముఖం మీదే ఉండిపోతుంది కదా! తుడిచాక మైల్డ్ ఫేస్‌వాష్‌తో కడగమని డాక్టర్ చెప్పారు. అలా మొదలుపెట్టిన ఏడెనిమిది వారాలకు బుగ్గలు నున్నబడ్డాయి. అన్ని వారాలు పట్టడం మామూలే. పొక్కు పైకి కనిపించేసరికే లోపల రంధ్రం మూసుకుని చాలా రోజులై ఉంటుంది.

మేకప్‌ను కరిగించే జిడ్డు ముద్ద, క్లెన్సింగ్ బామ్ కూడా ప్రయత్నించాను. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, సబ్బు నురగే సరిగా రాదు. ఆ జిడ్డు ఎంత కడిగినా వదల్లేదు.

మెప్పంతా ఈ సీసాకే ఇవ్వలేను. రాత్రిపూట డాక్టర్ పొక్కులకి రాసిన మందు, 0.1 శాతం అడాపలీన్ జెల్, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత రాసేదాన్ని. మొదటి నెల పొక్కులు పెరిగాయి, ఏడుపొచ్చింది. మూడో నెలకి తగ్గాయి. అది వాడినన్నాళ్ళూ పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. గర్భంతో ఉన్న మా తోటి అమ్మాయి ఆ ట్యూబ్ అడిగితే ఇవ్వలేదు. గర్భంలో అది వాడకూడదు, డాక్టర్‌ని అడుగు అని చెప్పాను. నా మేకప్ స్పాంజి ఎవరికీ ఇవ్వడం మానేశాను. ఆదివారం రాత్రి బ్రష్‌లన్నీ బేబీ షాంపూతో కడిగి ఆరబెడతాను.

ఇక లోపాలు. వాటర్‌ప్రూఫ్ కాటుక దీనితో సరిగా పోదు, కంటి చుట్టూ రుద్దాల్సి వస్తుంది. నేనైతే ఆ కాటుకే మానేశాను. దూది ఖర్చు సీసా ఖర్చును మించిపోతుంది. నుదుటి పొక్కులకి ఇదేమీ చేయలేదు. అవి కొబ్బరినూనె వల్ల వచ్చినవి. తలంటుకి ముందు మాత్రమే నూనె పెట్టి, జుట్టు నుదుటి మీద పడకుండా అల్లుకున్నాకే తగ్గాయి. నాన్-కామెడోజెనిక్, అంటే రంధ్రాలు మూయదు అని రాసిన ఫౌండేషన్ కూడా ఒకటి నాకు పడలేదు. ఏ పదార్థం రంధ్రాలు మూస్తుందో చెప్పే పాత పట్టికలు చాలావరకు కుందేలు చెవుల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవట. అందుకే ఇప్పుడు కొత్తది ఏది కొన్నా ముందు వారం రోజులు దవడ దగ్గర ఒక్కచోటే రాసి చూస్తున్నాను.

2025 ఆషాఢంలో దవడ మీద నాలుగైదు పొక్కులు వచ్చాయి, బుగ్గలు బాగున్నాయి. చెమట పడితే కాంపాక్ట్ మళ్ళీ అద్దకుండా టిష్యూతో ఒత్తుకుంటున్నాను. బ్యాగులో చిన్న సీసా ఒకటి పెట్టుకున్నాను. సేల్ ఆలస్యమైన రోజుల్లో స్టాఫ్ వాష్‌రూంలోనే మేకప్ తీసి, ముఖం కడుక్కుని మెట్రో ఎక్కుతున్నాను.