సెలెక్షన్ వన్, మెక్సికన్, కార్పెట్: ఓరుగల్లు వాకిట్లో ఏ గడ్డి మేలు?

జూన్ నెలాఖరున నర్సరీకి పోతే ఏ లాన్ గడ్డి చూసినా కళ్లకు చల్లగానే ఉంటుంది. అందుకే చాలామంది రంగు చూసి, చేత్తో తడిమి, మెత్తగా ఉన్నది తెచ్చుకుంటారు. ఆ గడ్డి తట్టుకోవాల్సింది మాత్రం జూన్‌ను కాదు, రోహిణి కార్తెను. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు మేలో 43, 44 డిగ్రీలు మామూలే. వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు మీరు పోసే నీళ్లే దిక్కు. కాబట్టి గడ్డి ఎంచుకునే ముందు రెండే లెక్కలు తేలాలి: మీ జాగలో ఎండ ఎన్ని గంటలు పడుతుంది, మేలో వారానికి ఎన్ని లీటర్లు పోయగలరు.

పగలు ఆరు గంటలకు పైగా ఎండ పడే జాగకు సెలెక్షన్ వన్. నాలుగైదు గంటలే పడుతూ, నీళ్లకు కొరత లేకుండా, జాగ చిన్నదైతే మెక్సికన్. మామిడి, వేప నీడలో అయితే కార్పెట్ గడ్డి, అదీ ఎండాకాలంలో నీళ్లు తప్పవని ఒప్పుకుంటేనే. ఈ మూడింటినీ తారుమారు చేస్తే ఎరువులతో, మందులతో సరిదిద్దలేం.

ముందు ఎండ లెక్క. చాలామంది ఎండాకాలంలో ఒకసారి చూసి "మాకు ఎండ బాగానే పడుతుంది" అనుకుంటారు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, గోడ నీడ గోడ కిందే ఉంటుంది. డిసెంబరు చివర అదే మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. అప్పుడు ఆరడుగుల ప్రహరీ నీడ ఉత్తరం వైపు ఐదడుగులు దాటుతుంది. ఇరవై అడుగుల ఎత్తున్న ఇంటి నీడ దాదాపు పద్దెనిమిది అడుగులు పరుచుకుంటుంది. ఇంటికి ఉత్తరం దిక్కున వాకిలి ఉన్నవాళ్లకు మేలో పచ్చగా ఉన్న సెలెక్షన్ వన్ సంక్రాంతికి పలచబడి నేల కనపడటానికి కారణం ఇదే. చలికి కొంత మందగించడం ఎలాగూ ఉంటుంది, దానికి నీడ తోడైతే గడ్డి తనను తాను నిలుపుకోలేదు. డిసెంబరులో ఒక సెలవురోజు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకోసారి నీడ గీత మీద సున్నం చల్లి చూడండి. ఆ గీతల మధ్య ఏ భాగానికి ఎన్ని గంటలు అందుతున్నాయో తేలిపోతుంది.

ఇక గడ్డి సంగతి.

సెలెక్షన్ వన్ మన గరిక జాతిదే, సన్నాకు రకం. వినాయకచవితి పత్రిలో దూర్వారమని వాడే గరికకూ దీనికీ ఒకటే గుణం: నేలపై తీగలు, నేల కింద దుంపవేళ్లు, రెండు విధాలా పాకుతుంది. పైన అంతా ఎండి గోధుమ రంగుకు తిరిగినా కింద ప్రాణం ఉంటుంది. మిరుగు పడి రెండు మంచి వానలు కురిస్తే పది, పదిహేను రోజుల్లో మళ్లీ పచ్చబడుతుంది. బోరు అడుగంటే ఊళ్లలో ఇంతకన్నా పెద్ద గుణం ఇంకొకటి లేదు. దీని కష్టం కోతలో ఉంది. వానాకాలంలో ఐదారు రోజులకోసారి కోయాలి, వారం దాటిస్తే కాడ పెరిగి, కోసిన తర్వాత కిందున్న పాలిపోయిన కాడలే కనపడతాయి. మూడు సెంటీమీటర్ల ఎత్తున ఉంచండి. గోల్ఫ్ మైదానాల్లో వాడే టిఫ్‌డ్వార్ఫ్ లాంటి రకాలు కూడా ఈ జాతివే, కానీ అవి మిల్లీమీటర్ల లెక్కన కోసే యంత్రాలకు పుట్టినవి. ఇంటికి ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి.

మెక్సికన్, కొరియన్ అని నర్సరీల్లో అమ్మేవి ఎక్కువగా జోయ్సియా జాతివి. నర్సరీకో తీరుగా పేరు మారుతుంది కాబట్టి పేరు కన్నా ఆకు చూడండి: సూది లాంటి సన్నాకు, ఒత్తుగా, అడుగు పెడితే పరుపులా దిగుతుంది. మెల్లగా పెరుగుతుంది. అదే దీని సుఖం, అదే దీని బాధ. రెండు మూడు వారాలకోసారి కోస్తే చాలు. కానీ కుక్క తవ్విన చోట, కారు చక్రం తిరిగిన చోట పడిన గుంత పూడటానికి నెలలు పడుతుంది. సెలెక్షన్ వన్ అదే గుంతను వానాకాలంలో మూడు నాలుగు వారాల్లో కప్పేస్తుంది. పిల్లలు క్రికెట్ ఆడే వాకిట్లో మెక్సికన్ వేయడం డబ్బు తగలేసుకోవడమే. ఇంకొకటి, కోయకుండా వదిలేస్తే ఇది గుబ్బలు గుబ్బలుగా లేస్తుంది. చూడటానికి అందంగానే ఉంటుంది. ఆ గుబ్బ కింద మాత్రం రెండంగుళాల ఎండు పొర పేరుకుని నీళ్లు వేరుకు దిగవు, తర్వాత ఎప్పుడో కోస్తే పచ్చదనమంతా యంత్రంలోకి పోయి గోధుమ రంగు బోడి మిగులుతుంది. నాలుగు సెంటీమీటర్లు దాటనివ్వకుండా మొదటి ఏడాది నుంచే కోయాలి.

కార్పెట్ గడ్డికి ఆకు వెడల్పు. నేలపై తీగలే తప్ప కింద దుంపవేళ్లు లేవు, వేరు కూడా పైపైనే. మూడు గంటల ఎండతో కూడా బతుకుతుంది, ఆ ఒక్క గుణం కోసమే దీన్ని వేసుకోవాలి. ఎండిపోతే మాత్రం తిరిగి లేవడానికి కింద ఏమీ ఉండదు. పైగా దీనికి కొంచెం పులుపు నేల ఇష్టం. సున్నం ఎక్కువున్న నేలలో, గట్టి బోరు నీళ్లతో ఇది తొందరగా పసుపెక్కుతుంది. కోత ఎత్తు ఐదు సెంటీమీటర్లు, పది పన్నెండు రోజులకోసారి.

ఏ గడ్డి అయినా ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. పొలం గట్లు కొట్టే బ్రష్ కట్టరుతో కోయిస్తే ఎత్తు సమంగా రాదు, ఒక చోట గుండు, ఇంకో చోట జుట్టు.

నీళ్ల లెక్క వేద్దాం. చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. 500 చదరపు అడుగులంటే 46 చదరపు మీటర్ల పైన. మేలో సెలెక్షన్ వన్‌ను పచ్చగా ఉంచాలంటే వారానికి 35 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 1,600 లీటర్లు కావాలి. మెక్సికన్‌కు కూడా ఇంచుమించు అంతే. కార్పెట్ గడ్డిని ఎండ తగిలే చోట వేస్తే 2,000 లీటర్లు దాటుతుంది. బోరు తగ్గినప్పుడు సెలెక్షన్ వన్‌ను పచ్చగా ఉంచే ఆశ వదిలేసి, రెండు వారాలకోసారి 12 మిల్లీమీటర్లు, అంటే 550 లీటర్లు పోస్తే ప్రాణం నిలుస్తుంది. ఆ సమయంలో కోత, యూరియా రెండూ బంద్, నడక కూడా తగ్గించాలి. మెక్సికన్‌ను కూడా ఇలా పడుకోబెట్టవచ్చు, కానీ లేవడానికి వానాకాలం సగం పడుతుంది. కార్పెట్‌తో ఈ పని అస్సలు కుదరదు.

రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పది నిమిషాలు తడపడం మన దగ్గర బాగా అలవాటు. దానివల్ల తడి పై అంగుళంలోనే ఉండి వేరూ అక్కడే ఆగిపోతుంది, ఒక్కరోజు కరెంటు లేకపోతే గడ్డి వాడిపోతుంది. వానాకాలంలోనైతే రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగుళ్లు, గుండ్రటి గోధుమ మచ్చలు మొదలవుతాయి. వారానికి రెండు మూడుసార్లు, తెల్లవారుజామున, నీళ్లు అరడుగు లోతు దిగేదాకా పెట్టండి. స్ప్రింక్లర్ ఎంత పోస్తోందో తెలియాలంటే నిటారు అంచులున్న ఐదారు డబ్బాలు గడ్డి మీద అక్కడక్కడ పెట్టి, అరగంట తర్వాత స్కేలుతో కొలవండి. ఒక డబ్బాలో 4, ఇంకో దాంట్లో 12 మిల్లీమీటర్లు వస్తే మీ గడ్డిలో మచ్చలకు కారణం తెగులు కాదు, స్ప్రింక్లర్.

పసుపు రంగు గురించి ఒక మాట, ఇక్కడే అందరూ తప్పు మందు వేస్తారు. ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోపం. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. కొత్త కాలనీల్లో ప్లాటు ఎత్తు పెంచడానికి మొరంతో పాటు కూల్చిన ఇళ్ల శిథిలాలు పోస్తారు. అందులోని సిమెంటు, సున్నం నేల పీహెచ్‌ను, అంటే క్షారగుణాన్ని, పెంచేస్తాయి. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. దానికి యూరియా వేస్తే ఇంకా పాలిపోతుంది. వేరుశనగకు కొట్టినట్టే లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి, చల్లపొద్దున పది రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. టైల్స్ మీద, మెట్ల మీద పడకుండా చూసుకోండి, తుప్పు మరక పోదు.

యూరియా లెక్క: సెలెక్షన్ వన్‌కు 100 చదరపు అడుగులకు 100 గ్రాములు, జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి. అంతకు మించి వద్దు. మెక్సికన్‌కు అందులో సగం, జూలైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. ఎక్కువ వేస్తే కిందున్న ఎండు పొర మందమవుతుంది తప్ప గడ్డి బాగుపడదు. కార్పెట్‌కూ మెక్సికన్ లెక్కే. ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. తడి ఆకు మీద చల్లితే గింజ అంటుకున్న చోటల్లా మాడుతుంది.

నేల తయారీ మూడింటికీ ఒకటే. ఒక అడుగు లోతు తవ్వి రాళ్లు, సిమెంటు పెళ్లలు ఏరేయండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల పెంట ఒక పాలు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడిలో కొంచెం ఇసుక కలిపితే ఇటుకలా గట్టిపడుతుంది. దాన్ని కలపబోకుండా, పైన అరడుగు ఎర్రమట్టి మిశ్రమం పరిచి వాలు ఇవ్వడమే మంచిది. వాలు ఇంటి నుంచి బయటికి, పదడుగులకు అంగుళంన్నర.

చెరువు మట్టి వేయమని చెప్పేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉంటారు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడిక మట్టి చల్కల్లోకి బాగా పోయింది, పంటకు మేలు చేసింది. లాన్‌కు మాత్రం అది పనికిరాదు. మెత్తటి బంకమట్టి కాబట్టి పైన పొరకట్టి నీళ్లు నిలుస్తాయి, దాంతోపాటు తుంగ గడ్డలు వస్తాయి. తుంగను పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ కిందే ఉండి ఒకటికి నాలుగు మొలుస్తాయి. అందుకే మట్టి పరిచాక వెంటనే గడ్డి వేయకండి. నీళ్లు పెట్టి పదిహేను రోజులు ఆగి, మొలిచిన కలుపును గడ్డతో సహా తవ్వి తీసి, మళ్లీ ఒకసారి అలాగే చేయండి. ఈ నెల రోజులు ఓపిక పడితే తర్వాత మూడేళ్ల కూలి మిగులుతుంది. మెక్సికన్ వేసేవాళ్లు నాటు గరిక విషయంలో కూడా ఇంతే జాగ్రత్త పడాలి. ఒకసారి లోపలికి చొచ్చుకుపోతే ఆ మెల్లగా పెరిగే గడ్డి దాంతో పోటీపడలేదు, మెక్సికన్‌ను వదిలి గరికను మాత్రమే చంపే మందు ఇంటి స్థాయిలో లేదు.

గడ్డి చాపలు పరవాలా, ముక్కలు నాటాలా? సెలెక్షన్ వన్‌కు చాపలతో మొత్తం కప్పడం దండగ. ఒక చదరపు అడుగు చాపను రెండంగుళాల ముక్కలుగా కోస్తే 36 వస్తాయి. అరడుగు ఎడంగా నాటితే 9 చదరపు అడుగులకు సరిపోతాయి. 500 చదరపు అడుగులకు 56 చదరపు అడుగుల చాప చాలు, మిరుగు దాటగానే నాటితే దసరాకు నేల కప్పుకుంటుంది. గడ్డి తీగలను తుంచి పేడ, మట్టితో కలిపి సాన్పిలా చల్లే పాత పద్ధతి కూడా దీనికి బాగా పనిచేస్తుంది. మెక్సికన్‌ను నాలుగంగుళాల ఎడంగా నాటాలి, అంటే 125 అడుగుల చాప కావాలి, అయినా నిండటానికి ఏడాది దాకా పడుతుంది. మధ్యలో కలుపు తీసే ఓపిక లేకపోతే మెక్సికన్‌కు చాపలే మేలు.

చాపలు దింపించుకునేటప్పుడు నాలుగైదు తిరగేసి చూడండి. కింద అంగుళం మందాన నల్ల బంకమట్టి ఉంటే వేరు మీ ఎర్రమట్టిలోకి దిగడానికి మొండికేస్తుంది, కొంత కడిగించి పరవండి. తుంగ కాడ మూడు పలకలుగా ఉంటుంది, వేళ్ల మధ్య తిప్పితే తెలుస్తుంది. అది కనపడిన చాపను వెనక్కి పంపేయండి. పేర్చిన చాపల మధ్య చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే లోపల ఉడికిపోతున్నట్టే, దించిన రోజే పరచడం పూర్తికావాలి. పరిచాక మొదటి పది రోజులు పొద్దున, సాయంత్రం తడి. ఆ తర్వాత ఒక మూల పట్టి లాగండి, రాకపోతే వేరు పట్టింది, అప్పటి నుంచి తడుల మధ్య ఎడం పెంచండి.

ఎండ భాగంలో సెలెక్షన్ వన్, చెట్టు కింద కార్పెట్ కలిపి వేసుకునే వాకిళ్లు చాలానే ఉంటాయి, తప్పేమీ లేదు. రెండింటి మధ్య ఇటుకలను నిలువుగా అరడుగు లోతు దించి, రెండంగుళాలు పైకి ఉంచండి. నెలకోసారి ఆ అంచు వెంట దాటొచ్చిన గరిక తీగలు కత్తిరించాలి.