జనరల్ గ్రోవ్స్ దారిలో: లాస్ అలమోస్ నుంచి ట్రినిటీ దాకా

నాన్నగారు ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో తెలుగు మాధ్యమంలో ఫిజిక్స్ చెప్పారు. కేంద్రక విచ్ఛిత్తి పాఠం వచ్చిన రోజు సుద్దముక్కను పుటుక్కున రెండుగా విరిచి మొదలుపెట్టేవారట. 2024లో అమ్మా ఆయనా ఆరు నెలలు ఉండడానికి డాలస్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, నయాగరా కంటే ముందు ఆయన అడిగింది న్యూ మెక్సికో, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మొదటి అణుబాంబును తయారుచేసి పేల్చిచూసిన రాష్ట్రం. "ఓపెన్‌హైమర్ సంగతి అందరూ చెబుతారు. ఆ శాస్త్రవేత్తల పెద్దను ఏరి కూర్చోబెట్టిన సైనికాధికారి జనరల్ గ్రోవ్స్ ఏం చేశాడో చూడాలి" అన్నారు. ఆ బాంబును పేల్చిచూసిన ట్రినిటీ పరీక్షాస్థలంలోకి జనాన్ని వదిలేది అక్టోబరు మూడో శనివారం అని తెలిసి, దానికి రెండు రోజుల ముందు బయలుదేరాం.

విమానం దిగేది ఆల్బుకర్కీలో. అక్టోబరు మొదట్లో అక్కడ బెలూన్ల పండగ జరుగుతుంది, హోటల్ ధరలు ఆకాశంలోనే ఉంటాయి. అది ముగిశాక వెళ్లడం మాకు కలిసివచ్చింది. ఊళ్లోని అణు విజ్ఞాన, చరిత్ర మ్యూజియానికి టికెట్ ఉంది. వెనుక ఆరుబయట బీ-29, బీ-52 విమానాలు నిలబెట్టి ఉంటాయి. పిల్లలతో వచ్చేవాళ్లు ఒక పూట ఇక్కడే గడిపినా నష్టం లేదు. కానీ బాంబుల నమూనాల మధ్య ఎంతసేపు తిరిగినా, ఇవి ఎవరు ఎలా నిర్ణయించి చేయించారన్న నాన్నగారి ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి శాంటా ఫేలో మట్టిగోడల తీరులో కట్టిన ఒక హోటల్లో దిగాం. ధర ఎక్కువ, అందం ఎక్కువ, గదిలో హీటరు మాత్రం పని చేయలేదు. ఏడు వేల అడుగుల ఎత్తున అక్టోబరు రాత్రి చలి వణికిస్తుంది. ఫోను చేస్తే పది నిమిషాల్లో గది మార్చారు, సామాను కూడా వాళ్లే మోశారు. అంత ఎత్తులో మొదటి రోజు అమ్మకు కళ్లు తిరిగాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మొదటి పూట నడక పెట్టుకోకండి, నీళ్లు ఎక్కువగా తాగించండి.

శాకాహారులకు భోజనం సమస్య కాదు, కాకపోతే నోరు తెరిచి అడగాలి. బీన్స్‌లో పంది కొవ్వు, మిరప గ్రేవీలో మాంసం ఉండవచ్చు. అవి లేకుండా ఇస్తారా అంటే విసుక్కోకుండా ఇస్తారు. ఎర్ర మిరపా, పచ్చ మిరపా అన్నది ప్రతి చోటా అడిగే ప్రశ్న. కాల్చిన పచ్చ మిరప వాసనకే అమ్మ ముఖం వికసించింది. సోపాపియా అని ఒకటి తెస్తారు, అచ్చం పూరీలా పొంగి ఉంటుంది, తేనెతో తింటారు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా ఆ రోజు మూతే తీయలేదు.

శాంటా ఫేలో చూడవలసింది 109, ఈస్ట్ ప్యాలెస్ వీధి. ఇప్పుడు అక్కడ దుకాణాలు, లోపల ఒక ఫలకం, అంతే. యుద్ధకాలంలో శాస్త్రవేత్తలు లామీ స్టేషన్లో రైలు దిగి ముందు ఇక్కడికే వచ్చేవారు. డొరొతీ మెకిబిన్ అనే ఆవిడ వాళ్ల చేతిలో పాసు పెట్టి కొండ మీది రహస్య బాంబు ప్రయోగశాలకు పంపేది. కొండ మీద ఊరికి పేరు లేదు, పోస్టు బాక్సు 1663 మాత్రమే ఉంది. అక్కడ పుట్టిన పసిబిడ్డల జనన పత్రాల్లోనూ పుట్టిన చోటు అదే. ఆ మాటకు అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ కొండ మీది ఊరే లాస్ అలమోస్. అక్కడికి ఘాట్ రోడ్డు బాగుంటుంది. ఊళ్లో హోటళ్లు కొన్నే, పనిదినాల్లో ల్యాబ్ పనిమీద వచ్చేవాళ్లతో నిండిపోతాయి. అందుకే శాంటా ఫేలో పడుకుని పొద్దున్నే రావడం మేలు. బ్రాడ్‌బరీ సైన్స్ మ్యూజియం ఉచితం. హిరోషిమా, నాగసాకిల మీద వేసిన 'లిటిల్ బాయ్', 'ఫ్యాట్ మ్యాన్' బాంబుల నమూనాలు అక్కడ నిలువెత్తున చూడవచ్చు. ఒకటి మాత్రం మనవాళ్లు గమనించాలి. ల్యాబ్ కంచె లోపలి పాత కట్టడాలకు ఏడాదిలో కొద్ది రోజులే పర్యటనలు ఉంటాయి, వాటికి అమెరికా పౌరులనే తీసుకుంటారు. వీసా మీద ఉన్నవాళ్లు, సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులు ఆశ పెట్టుకోకండి.

నా దృష్టిలో ఆ ఊళ్లో అసలైనది నడక. ఫుల్లర్ లాడ్జ్ అనే దుంగల కట్టడం 1928 నాటిది. దుంగలను అడ్డంగా పేర్చకుండా నిలువుగా పాతారు. 771 దుంగలట. నాన్నగారు ఒకదానికి అరచెయ్యి ఆనించి, కళ్లజోడు పైకి తోసుకుని, గొడ్డలి దెబ్బల గుర్తులు వెతికారు. ల్యాబ్ రాకముందు ఇది మగపిల్లల బడి. 1942 నవంబరులో గ్రోవ్స్, ఓపెన్‌హైమర్ ముందు వేరే లోయ చూసి, నచ్చక ఈ మెట్ట మీదికి వచ్చారు. చూడగానే గ్రోవ్స్ ఇదే చాలన్నాడు. కొద్ది నెలల్లో బడి ఖాళీ అయింది. ఉపాధ్యాయులుండిన ఇళ్లలోనే స్నానాల తొట్లు ఉండేవి కాబట్టి, పెద్ద శాస్త్రవేత్తలకు ఇచ్చిన ఆ వరుసకు బాత్‌టబ్ రో అనే పేరు నిలిచిపోయింది. ఓపెన్‌హైమర్ ఇల్లు బయటి నుంచే చూడాలి. చరిత్ర మ్యూజియం ఉన్న చిన్న రాతి కుటీరం మాత్రం లోపలికి వెళ్లి చూడవచ్చు. పరిశీలనకు వచ్చినప్పుడు గ్రోవ్స్ దిగేది అక్కడే.

నాన్నగారు వెతుక్కుంటూ వచ్చిన మనిషి కుటీరానికి దగ్గరలోనే కంచు విగ్రహమై నిలబడి ఉన్నాడు. పక్కన టోపీ పెట్టుకున్న బక్కపలచని ఓపెన్‌హైమర్, ఇటు యూనిఫాంలో భారీ మనిషి లెస్లీ గ్రోవ్స్. ఇంజనీరింగ్ దళం వాడు, అంతకుముందు పెంటగన్ కట్టడాన్ని నడిపించినవాడు. 1942 సెప్టెంబరు 17న బాంబు తయారీ పని చేతికి వచ్చిన మర్నాడే, న్యూయార్క్‌లో నిల్వ ఉన్న సుమారు 1,200 టన్నుల కాంగో యురేనియం ఖనిజం కొనుగోలుకు మనిషిని పంపాడు. భద్రతాధికారులు వద్దన్న ఓపెన్‌హైమర్‌ను, ఆలస్యం చేయకుండా అనుమతించండని 1943 జూలైలో ఉత్తర్వు ఇచ్చింది కూడా అతనే. సుమారు 200 కోట్ల డాలర్లు, లక్షకు పైగా మనుషులు, చాలామందికి తాము చేస్తున్నదేమిటో తెలియదు. "పుస్తకంలో మేం చెప్పింది ఒక సమీకరణం. ఇది మేస్త్రీ పని" అన్నారు నాన్నగారు, విగ్రహం పక్కన బెంచీ మీద కూర్చుని. తన పాఠంలో లేనిది దొరికిన సంతోషం, దాని కిందే ఒక దిగులు, రెండూ ఆ గొంతులో వినిపించాయి.

న్యూట్రాన్‌ను కనుక్కున్న చాడ్విక్ బ్రిటిష్ బృందానికి నాయకుడిగా ఇదే కొండ మీద ఉన్నాడని చెప్పినప్పుడు నాన్నగారు నిటారుగా కూర్చున్నారు. అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1943 ఆగస్టులో కుదిరిన క్విబెక్ ఒప్పందం ప్రకారం, ఒక దేశం ఒప్పుకోకుండా రెండోది బాంబు వాడకూడదు. 1945 జూలై 4న వాషింగ్టన్‌లో ఫీల్డ్ మార్షల్ విల్సన్ బ్రిటన్ సమ్మతి తెలిపాడు. అప్పటికి పరీక్షైనా జరగలేదు. జూలై 25న పసిఫిక్‌లోని అమెరికా వైమానిక దళాధిపతి స్పాట్జ్‌కు వెళ్లిన ఉత్తర్వు ముసాయిదా రాసింది గ్రోవ్స్. సంతకం జనరల్ హ్యాండీది. సుమారు ఆగస్టు 3 తర్వాత, కంటికి కనిపించేలా వాతావరణం ఉన్న వెంటనే, నాలుగు నగరాల్లో ఒకదాని మీద వేయమని అందులో ఉంది. హిరోషిమా, కోకురా, నీగాటా, నాగసాకి. గ్రోవ్స్ గట్టిగా కోరిన క్యోటోను యుద్ధమంత్రి స్టిమ్సన్ కొట్టివేశాడు. కోకురా కోసం బయలుదేరిన రెండో బాంబు, అక్కడ కమ్మిన పొగమబ్బుల వల్ల నాగసాకికి దాపురించింది. ఇంత పెద్ద సంగతిని ఆ రెండు విగ్రహాల దగ్గర ఇంకొంచెం వివరంగా రాసి పెడితే బాగుండేది.

శుక్రవారం రాత్రికి సొకోరో చేరాం. ట్రినిటీకి ఇదే అనువైన బస. సాదా మోటల్, శుభ్రంగా ఉంది. అల్పాహారం మేం బయలుదేరే వేళకు సిద్ధం కాదని చెబితే, కౌంటరు దగ్గరి అమ్మాయి రాత్రే అరటిపండ్లు, రొట్టె సంచిలో కట్టి ఇచ్చింది. ఈ యాత్రలో దొరికిన మంచి సేవ అదే.

శాన్ ఆంటోనియో అనే చిన్న ఊరి నుంచి 380 రోడ్డు మీద 12 మైళ్లు, అక్కడి నుంచి దక్షిణంగా 5 మైళ్లు పోతే స్టాలియన్ గేటు. గుర్తింపు కార్డు చూస్తారు, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. ప్రవేశం ఉచితం. పెట్రోలు ముందే నింపుకోవాలి. గేటు దాటాక ఇంకా 17 మైళ్లు ఎడారి. పార్కింగ్ నుంచి పావు మైలు నడవాలి, నేల చదునుగానే ఉంటుంది. బాంబు లోపలి ప్లుటోనియం గోళాన్ని అమర్చిన రాంచ్ ఇంటికి నాన్నగారి మోకాళ్ల వల్ల వెళ్లలేదు.

కంచె లోపల నల్లని లావా రాళ్లతో కట్టిన స్తంభం, పన్నెండడుగుల ఎత్తు. బాంబును పైన పెట్టి పేల్చిన వంద అడుగుల ఉక్కు గోపురం నిలబడిన చోటు అది. గోపురం ఆవిరైపోయింది. ఇసుక కరిగి పచ్చగాజైంది. దాన్నే ట్రినిటైట్ అంటారు. చీమలపుట్ట అంచున గోరంత ముక్క ఒకటి మెరిసింది. తీసుకోవడం నేరం. నాన్నగారు కష్టపడి వంగి, ముట్టుకోకుండా, ఉగాది పచ్చడిలో మామిడి ముక్కను చూసినంత దగ్గరగా చూశారు. రేడియేషన్ గురించి అమ్మ భయపడింది. గంటసేపటికి ఒక మిల్లీరెమ్ (రేడియేషన్ మోతాదు కొలత) మించదు, ఈ దేశం ఈ చివర నుంచి ఆ చివరకు విమానంలో వెళితే అంతకంటే ఎక్కువ తగులుతుందని ఆయనే నచ్చజెప్పారు.

మేం భారతీయులమని చూసి ఒక పెద్దాయన, ఈ పరీక్ష గురించి చెబుతూ ఓపెన్‌హైమర్ తలచుకున్న గీతా శ్లోకం గురించి అడిగాడు. నాన్నగారు పదకొండో అధ్యాయం ముప్పై రెండో శ్లోకం మొత్తం చదివారు. "కాలోఽస్మి అంటే మృత్యువని ఓపెన్‌హైమర్ చెప్పుకున్నాడు, ముందు అర్థం కాలం" అన్నారు. ఆ పెద్దాయన దాన్ని చేతిపుస్తకంలో రాసుకున్నాడు.

1945 జూలై 16 తెల్లవారుజామున ఇక్కడ వర్షం. నాలుగు గంటలకు అనుకున్నది అయిదున్నరకు జరిగింది. గాలి ఎటు వీస్తుందోనని గ్రోవ్స్, ఓపెన్‌హైమర్ చీకట్లో తడుస్తూ పచార్లు చేశారట. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. తర్వాత మందుగుండు గిడ్డంగి పేలిందని ప్రకటన ఇచ్చారు. ఆ ఊళ్లవాళ్లకు రేడియేషన్ బాధితుల నష్టపరిహార చట్టం వర్తించడానికి 2025 దాకా పట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు స్టాలియన్ గేటు బయట కొందరు అట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఎక్కువమంది అమ్మ వయసు ఆడవాళ్లు. నాన్నగారు కారు ఆపించారు. ఒకావిడ అట్ట మీద ఒకే ఇంటివాళ్ల పేర్లు, పక్కన ఏ క్యాన్సరో రాసి ఉంది. ఏం రాశారని అమ్మ అడిగింది. ఆయన ఒక్కో పేరూ చదివి, జబ్బు పేరు తెలుగులో చెబుతూ వచ్చారు. అయిదో పేరు దగ్గర అమ్మ కారు తలుపు తీసుకుని దిగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.